కట్టెల పొయ్యి మీది కషాయం

శుక్రవారం తెల్లవారుతూనే మసీదు మైకులో మా ఖాలా పోయిందని చెప్పారు. ఖాలా అంటే పిన్ని. రక్తసంబంధం ఏమీ లేదు, జహీరాబాద్‌లో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ, అంతే. ఎట్లా పోయిందో మైకులో చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ఊపిరాడక పోయింది. ఊరందరి దగ్గుకూ మందు కాచిన మనిషి ఊపిరాడక గిలగిల్లాడి పోయింది. ఇంత క్రూరమైన చావు పగవాళ్లకు కూడా వద్దు.

అడ్డసరం ఆకు, అతిమధురం, మిరియాలు వేసి పెరట్లో కట్టెల పొయ్యి మీద కషాయం కాచేది. ఇంటికి తీసుకెళ్తానంటే ఒప్పుకునేది కాదు. ఆమె ఎదుట నిలబడే తాగాలి. మొహం చిట్లించామా, అయిపోయామన్నమాటే. "గట్ల జేస్తవేంది? షర్బత్ అనుకున్నవా?" అని అందరి ముందూ కడిగేసేది. నేను బడిపంతులమ్మనని కూడా చూడలేదు. చాలా రోజులు దగ్గి దగ్గి ఆఖరుకు వెళ్తే, "దగ్గును సాదుకుంటున్నవా పిల్లా? ఇంట్ల కోళ్లు సాలవా?" అంది. ఆ కషాయంతో నా గొంతుకు హాయి కలిగిన మాట నిజం. కాదనను.

తర్వాత ఆమెకే ఆయాసం పట్టుకుంది. ఇన్నేళ్ల పొయ్యి పొగ ఊపిరితిత్తులను తినేసిందని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. పీల్చే మందు ఇచ్చి, ఇక కట్టెల పొయ్యి దగ్గరికి పోవద్దంది. ఖాలా పకపకా నవ్వింది. "దగ్గు మందు ఉడికే పొయ్యి దగ్గు తెస్తదా? ఏం మాటలు బేటీ ఇవి!"

ఖాలా కూతురు మొండిది. తల్లిని మంచం మీద కూర్చోబెట్టి, తానే గ్యాస్ మీద కాచింది. అవే ఆకులు, అవే మిరియాలు. తాగినవాళ్లు పెదవి విరిచారు. "పొగ వాసనే లేదు, గిది పనిజెయ్యదు" అన్నారు, మంచం మీది మనిషికి వినబడేటట్టే. మర్నాడు ఖాలా కొంగు ముక్కుకు చుట్టుకుని మళ్లీ పెరట్లోకి వెళ్లింది.

కూతురు కట్టెలన్నీ ఎవరికో ఇచ్చేసింది. అప్పుడు జనమే కట్టెలు తేవడం మొదలుపెట్టారు. ప్రేమతోనే తెచ్చారు, అదే నాకు మండేది. తన ఆయాసానికి కషాయం తాగేందుకు ఝరాసంగం నుంచి వచ్చే ఒక ముసలాయన పత్తికట్టె మోపు ఆటో మీద వేసుకొచ్చేవాడు. దానికి మంట తక్కువ, పొగ ఎక్కువ. ఒకనాడు ఉండబట్టలేక వాకిట్లోనే అడ్డం నిలబడ్డాను.

"ఆమెను సంపుతున్నవ్ తాతా!"

"నేనేం జేసిన బిడ్డా? ఉత్త చేతులతోని ఎట్ల రావాలె?"

లోపలి నుంచి ఖాలా నా మీదే అరిచింది, "నీకెందుకే? రానియ్యి!" అని. ఆ అరుపుకే ఆమెకు దగ్గు తెర వచ్చి, చాలాసేపు ఆగలేదు. ముసలాయన మోపు దించి, పొయ్యి పక్కన పొందికగా పేర్చాడు.

చివరికి దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. పక్క మంచం ఆమె దగ్గితే, ఖాలా ముక్కు మీది మాస్కు లాగేసి, "అడ్డసరం తాగు" అంది. ఆ రెండు మాటలకే పెదాలు నల్లబడ్డాయి. కూతురు ఏడుస్తూ మాస్కు మళ్లీ పెట్టింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా కోపమే వచ్చింది.

మూడో రోజు ప్రార్థన, జియారత్ అయిన మర్నాడు ఝరాసంగం ముసలాయన మోపుతో దిగాడు. ఆయనకు కబురు తెలియదు. కూతురు చెప్పింది. ముసలాయన తలపాగా తీసి కళ్లకు అద్దుకుని ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదు.

తర్వాత కూతురిని మెల్లగా అడిగాడు. "నా ఆయాసం తగ్గలే బిడ్డా. నువ్వు గాస్తవా?"

"గ్యాస్ మీదనైతే గాస్త తాతా. తాగుతవా?"

ఆయన పెరట్లో పొయ్యి వైపు చూశాడు. మోపు భుజం మీది నుంచి దించకుండా, ఆలోచిస్తూ నిలబడ్డాడు.