తెలకపల్లి రెండు ముక్కలైన రోజు

2006 ఎండాకాలం. నాగర్‌కర్నూల్‌లో ఓ చిన్న ప్రైవేటు దవాఖానలో నేను వార్డ్‌బాయ్‌ని. ఏడో తరగతికీ నాకూ పొసగక విడిపోయాం కాబట్టి, మిగతా చదువంతా స్ట్రెచర్ తోస్తూనే సాగింది. నేర్పింది సునంద సిస్టర్.

ఓ మధ్యాహ్నం జానీని తెచ్చారు. తెలకపల్లి రూట్లో ఆటో నడుపుతాడు. బండి బోల్తా పడి హ్యాండిల్ ఛాతీకి గుద్దుకుంది. కమిలిన మచ్చ తప్ప రక్తం చుక్క లేదు. భార్య షాహీన్ ఏడుస్తుంటే ఆయనే ఓదారుస్తున్నాడు.

"జానీ భాయ్, అంతమందిని కుక్కుతవ్ గదా, ఆఖరికి నీకే జాగ దొరకలేదా?" అన్నాను.

"నవ్వియ్యకు రా భయ్, పక్కబొక్కలు గుంజుతున్నయ్!"

నవ్వుతున్నాడంటే గండం గడిచిందనుకున్నాను. సిస్టర్ అట్లా అనుకోలేదు. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, కళ్లు మాత్రం ఛాతీ మీద పెట్టింది. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి మామూలుగా పీల్చడట. తర్వాత, "జానీ, అడ్డామీద ఎట్ల పిలుస్తవో జర పిలువు" అంది.

"తెలకపల్లి తెలకపల్లి తెలకపల్లి, రాండ్రి రాండ్రి, ఒక్కటే సీటుంది!" ఒక్క గుక్కలో అనేశాడు. వార్డంతా నవ్వింది.

ఎక్స్‌రేకు తీసుకెళ్లడానికి నేను స్ట్రెచర్ తెచ్చేసరికి మళ్లీ పిలవమంది.

"తెలకపల్లి... తెలకపల్లి... రాండ్రి..."

"సీటేది భాయ్, నిండిందా?"

"నువ్వు జర ఊకో" అంది సిస్టర్. "ఇంకోసారి, జానీ."

"తెల... కపల్లి..."

ఆయన పెదవులు నీలమెక్కుతున్నాయి. సిస్టర్ స్టెతస్కోప్ పెట్టింది. "కుడిపక్క ఛాతీ లేస్తలేదు. లోపట చప్పుడే లేదు. సార్‌ను పిలువు, ఉరుకు!"

షాహీన్ నా చొక్కా పట్టుకుంది. "ఏమైతుందన్నా? ఇప్పుడే నవ్విండు గదా!"

చొక్కా విడిపించుకుని పరుగెత్తాను.

విరిగిన ఎముక ఊపిరితిత్తిని గుచ్చితే, గాలి బయటికి పోలేక ఛాతీలోనే చిక్కి ఊపిరితిత్తిని నొక్కేస్తుంది. డాక్టరు ఎక్స్‌రే కోసం ఆగకుండా పక్కటెముకల నడుమ గొట్టం వేశారు. దీన్ని ఐసీడీ అంటారు. రెండో కొస నీళ్ల సీసాలో ఉంటుంది. అందులో బుడగలు లేస్తుంటే షాహీన్ బెదిరిపోయింది.

"పరేషాన్ గాకు. లోపట ఉండగూడని గాలే, పోనీ" అంది సిస్టర్.

కాసేపటికి జానీ పెదవుల నీలం తగ్గింది. "షాహీన్, ఆటో ఎట్లున్నదో ఎవరన్న పోయి సూసిండ్రా?" ఎక్కడా ఆగకుండా అడిగాడు.

"నీ ఆటోకు మన్నువడ!" అని ఆమె ఏడుస్తూనే నవ్వింది.

ఛాతీ దెబ్బలతో వచ్చినవాళ్ల మీద ఇప్పటికీ జోకులేస్తాను. కాకపోతే జవాబు పూర్తయ్యేదాకా నోరు మూసుకుంటాను. వాళ్లు ఏమంటున్నారో కాదు, ఊపిరి ఎక్కడ తెగుతుందో వింటాను.