పుట్టని బిడ్డకు స్వెటర్

సోమవారం పొద్దున పాపకు ఇడ్లీ తినిపిస్తూ ఆ వారం పనులు రాసుకోవడం నాకు అలవాటు. ఆ వారం రాసుకున్నవి ఇవి. పసుపు స్వెటర్ ఎడమ చెయ్యి పూర్తి చేయాలి. ధర్మవరం వెళ్ళి, గుండీలకు చుట్టడానికి నాయన దగ్గర పట్టుదారం ముక్కలు తేవాలి. స్వెటర్ తడిపి ఆరబెట్టి, శుక్రవారం ఎండలో ఫొటోలు తీయాలి. అన్ని సైజుల లెక్కలూ సరిచూడాలి. ఆకుపచ్చ శాలువా అంచు మళ్ళీ తప్పింది, ఇంకోలా ప్రయత్నించాలి. శనివారం స్వెటర్ డిజైన్ ఆన్‌లైన్‌లో పెట్టాలి. పెడతానని కొనేవాళ్ళకు ముందే మాటిచ్చాను.

నేను ఊలు అల్లికలకు డిజైన్లు చేస్తాను. స్వెటర్లు అమ్మను. ఏ వరసలో ఎన్ని ముడులు వేయాలో, ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో రాసి అమ్ముతాను. చలిదేశాల ఆడవాళ్ళు అది కొనుక్కుని, చూసి అల్లుకుంటారు. హిందూపురంలో మా వీధిలో ఈ మాట ఎవరికి చెప్పినా "ఓ, టైంపాసా" అంటారు. డిగ్రీలో నేను చదివిన గణితమంతా ఈ ముడుల్లోనే ఖర్చవుతోందంటే ఒక్కరూ నమ్మరు.

అప్పటికి కొద్ది రోజుల ముందే మా ఆడబిడ్డ పెనుకొండ నుంచి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. హాల్లో ఒక కుర్చీలో ఆమె, ఇంకో కుర్చీలో నేను, నా ఒళ్ళో జానెడు స్వెటర్. చూసి చూసి అత్తమ్మ అడిగారు.

"ఏమ్మా, ఎవురికి అల్లుతాండావు అది?"

"ఎవురికీ కాదత్తమ్మా. శాంపిలు."

"ఎవురికీ కాకుంటే అంత చిన్నది ఎందుకు? ఇంట్లో కడుపుతో ఉండే పిల్లని పెట్టుకోని, పుట్టని బిడ్డకి అంగీ చేస్తారా యాడన్నా?"

మా ఇళ్ళలో బిడ్డ పుట్టేదాకా, కీడు జరుగుతుందని, ఏ బట్టా సిద్ధం చేయరు. పుట్టాక కూడా మొదట పాత పంచె చింపి చుడతారు. పేరు పెట్టిన రోజే కొత్త బట్ట. ఆ భయం నాకు తెలియనిది కాదు. పాప కడుపులో ఉన్నప్పుడు నేనూ ఉయ్యాల కొననివ్వలేదు. కానీ ఈ స్వెటర్ ఆ బిడ్డది కాదు, ఏ బిడ్డదీ కాదు, ఇది నా పని అని ఎంత చెప్పినా వినరే! "అట్లయితే పెద్దపిల్లోళ్ళకి అల్లు" అన్నారు. సగంలో పెద్దది చేసుకోవడానికి ఇదేమైనా దోసెనా?

గురువారం పాపను చంకనేసుకుని రైల్లో ధర్మవరం వెళ్ళాను. నాయన మగ్గం దిగి, పట్టు ముక్కల పొట్లం చేతిలో పెట్టాడు.

"మగ్గమోని కడుపున పుట్టి గొర్రెబొచ్చు పట్టుకుంటివి కదే."

"ఆ గొర్రెబొచ్చుకే నీ పట్టు గుండీలు కుడతాండా కదా నాయనా."

సాయంత్రం ఇంటికొచ్చి, హాల్లో వదిలి వెళ్ళిన అల్లిక సంచి తెరిస్తే సూదులున్నాయి. స్వెటర్ లేదు. దాని స్థానంలో గట్టిగా చుట్టిన పసుపు ఊలు ఉండ. అత్తమ్మ పనే అనుకున్నాను. కాదు, ఆడబిడ్డ.

"కత్తెర పెట్టలేదు వదినా. ఒక్క పోగు తెగకుండా నిదానంగా విప్పినా," అంది, నాకేదో సాయం చేసినట్టు. బెంగళూరు కంపెనీకి ఇంటినుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయి!

"నీ లాప్‌టాప్‌లో ఉండేదంతా నేను ఇట్లే నిదానంగా తీసేస్తే?"

"అది వేరే వదినా. అది ఆఫీసు పని."

నా ఒళ్ళు మండిపోయింది. అంతలో ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తెల్లవారుజాము నుంచి బిడ్డ కదలిక తెలియలేదట. నేను రైలెక్కాక ఆస్పత్రికి పరుగెత్తారట. స్కాన్ తీసి, బిడ్డ బాగుందని డాక్టరు చెప్పిందట. దగ్గర కూర్చుని వీపు నిమిరాను. నిమురుతున్నా కోపం తగ్గలేదు. బాగుందని డాక్టరు చెప్పాక, ఇంటికొచ్చి మరీ విప్పింది కదా!

విప్పిన ఊలు ముడతలు ముడతలుగా ఉంటుంది. దాన్ని తడిపి, కింద బరువు కట్టి వేలాడదీసి, ఆరాక మళ్ళీ మెడ దగ్గర నుంచి మొదలుపెట్టాలి. శనివారం పోయింది. ఆలస్యమవుతుందని అందరికీ మెసేజ్ పెట్టాను. కారణం ఏమని రాయను?

"మళ్ళీ అల్లుకోరాదా, నీ చేతిలో పనే కదా," అన్నారు మావారు టీవీ చూస్తూ. అత్తమ్మ మార్గం కనిపెట్టారు. "బొమ్మకని చెప్పు. బొమ్మకైతే ఏం కాదు." ఇంటిల్లిపాదికీ ఆ మాట నచ్చింది. నేనూ నోరు మూసుకున్నాను. రేపు ఆ పిల్లకు ఏదైనా జరిగితే అందరి కళ్ళూ నా చేతుల మీదే పడతాయి. ఆ ఆలోచనతోనే రాత్రుళ్ళు పాప పక్కన మెలకువగా పడుకున్నాను.

ఆదివారం ఆడబిడ్డ అత్తగారు ఆమెను చూడ్డానికి పెనుకొండ నుంచి వచ్చారు. కాఫీ తాగుతూ నా సూదుల వైపు చూశారు.

"ఏమమ్మా అల్లుతాండావు?"

"బొమ్మకత్తా," నాకంటే ముందు ఆడబిడ్డే అందుకుంది. "వదిన బొమ్మలకి బట్టలు అల్లుతాది."

"బిడ్డ తల్లివైనా బొమ్మలాటలు పోలేదా నీకు?" ఆమె పకపకా నవ్వారు. "ఏం చేస్తావులే, పొద్దు పోవల్ల కదా."

అత్తమ్మ కూడా నవ్వారు. మావారు కూడా.

"బొమ్మకు కాదు పెద్దమ్మా," అన్నాను. "బిడ్డకే."

ఆడబిడ్డ అత్తగారు గ్లాసు కింద పెట్టారు. "ఎవురి బిడ్డకు?"

"నాకు తెల్దు. యాడ చలి ఎక్కువుంటే ఆడి బిడ్డకు. ఇది నా ఉద్యోగం. మొన్న ఒకటి విప్పేసినారు, అందుకే మళ్ళీ అల్లుతాండా."

ఆడబిడ్డ చెయ్యి పొట్ట మీదికి పోయింది. అత్తమ్మ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళారు. సింకులో అవి పడిన చప్పుడు హాల్లోకి వినిపించింది.

"వదినా, నేను లోపల పండుకుంటా," అంది ఆడబిడ్డ.

"పండుకో అమ్మా. ఫ్యాను ఏసుకో," అన్నాను.

ఆమె కాన్పుకు ఇంకా సమయముంది. అంతవరకూ ఆమెకెంత భయమో నాకూ అంతే. అయినా నేను కుర్చీ లోపలికి జరుపుకోలేదు. ఆ స్వెటర్ రెండు చేతులూ ఆ హాల్లోనే, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగానే అల్లి ముగించాను.