మచ్చలేని మేకపోతు

వారానికోసారి మా అపార్ట్‌మెంట్ గుమ్మం ముందు వదిలి వెళ్లే కూరగాయల సంచి విప్పగానే, కొత్తిమీర, మగ్గిన జామపండు, మట్టి వదలని చిలగడదుంప మూడూ కలిసిన వాసన ఒకటి వస్తుంది. నాకది వంటింటి వాసన కాదు, తొంభైల చివర బెంగుళూరు కె.ఆర్.పురం రైల్వే స్టేషన్ వెనక మేము వెళ్లిన తెలుగు చర్చి వాసన. సెంటు పొలం కూడా లేని మనుషుల సంఘం అది. అయినా ఏటా కోతల పండుగనాడు అందరూ సంతలో కొన్న గుమ్మడికాయలు, చెరుకు గడలు, అరటి గెలలు, బుట్టల్లో గుడ్లు, కాళ్లు కట్టిన కోళ్లు తెచ్చి ప్రార్థన బల్ల ముందు కుప్ప పెట్టేవారు. ఊళ్లో తాతలు ఎలా చేశారో ఇక్కడా అలాగే జరగాలని పెద్దల పట్టుదల.

మేముండేది ఆరిళ్ల వఠారం. రెండు కొళాయిలు, ఒక బట్టల బండ, ఒక తులసికోట, అందరికీ కలిపి ఒకే నడవ. ఎండాకాలం ఆ నడవంతా వడియాల చీరలు, చలికాలం అనపకాయల తొక్కలు, మిగతా రోజుల్లో మా బొంగరాలు. వఠారంలో క్రైస్తవులం మేమొక్కళ్లమే. మా పక్కవాటాలో ఉండే రత్నమ్మవ్వ పూలు కట్టి అమ్మేది. మూడు తరాలుగా బెంగుళూరులోనే ఉన్న తెలుగు కుటుంబం వాళ్లది. మారెమ్మ జాతరకు ఏటా వేటపోతును కోసి, సంకటి ముద్దలతో పాటు కూర గిన్నె ఇంటింటికీ పంపేది. ఇరుగుపొరుగు తింటేనే మొక్కు తీరినట్టని వాళ్ల ఆచారం. మా నాన్న ఫ్యాక్టరీలో ఫిట్టరు, సంఘంలో పెద్ద. ప్రతి ఏడూ ఆ గిన్నె మూత కూడా తీయకుండా రెండు చేతులతో తిరిగి ఇచ్చేవాడు. "విగ్రహానికి పెట్టింది మేం తినకూడదమ్మా, ఏమనుకోవద్దు" అనేవాడు. అవ్వ ఏమీ అనుకునేది కాదు. కానీ గిన్నె తీసుకుని పోయేటప్పుడు ఆమె నడక నెమ్మదయ్యేది.

నాకు పదేళ్లప్పుడు అవ్వ మనవరాలికి కామెర్లు ముదిరాయి. పిల్ల కళ్లు పసుపుముద్దల్లా అయ్యాయి. మా అమ్మ తొమ్మిది రోజులు వరుసగా వెళ్లి, పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. పిల్ల లేచి కూర్చుంది. ఆ మర్నాడు అవ్వ నన్ను పూలబుట్ట దగ్గర కూర్చోబెట్టుకుని అడిగింది.

"మీ సామికి మొక్కుకున్న్యా అప్పా. ఆయప్ప ఏం తీసుకుంటాడు?"

నేను అప్పుడు బైబిల్ క్విజ్ కోసం పాత నిబంధనలోని బలుల అధ్యాయాలు కంఠతా పడుతున్నాను. నా దగ్గర నంబర్లు వేసిన జాబితా ఉంది. గుక్క తిప్పుకోకుండా చెప్పాను: "ఒకటి, మేకైనా గొర్రైనా మగదై ఉండాల. రెండు, ఏడాదిదై ఉండాల. మూడు, ఒంటి మీద ఒక్క మచ్చ గూడా ఉండకూడదు."

"మా అమ్మోరు గూడా ఇన్ని అడగదు కదప్పా!" అని అవ్వ బుగ్గలు నొక్కుకుంది. ఆ బలులన్నీ యేసుతో ఆగిపోయాయన్నది నా సిలబస్‌లో లేదు.

కోతల పండుగనాడు, పాట మధ్యలో, గుమ్మంలో మేక అరిచింది. అవ్వ నిలబడి ఉంది. పక్కన తెల్లటి మేకపోతు, మెడలో బంతిపూల దండ, ఒళ్లంతా పసుపు, నుదుట కుంకుమ. వర్తూరు దాకా తిరిగి వెతికి తెచ్చిందట. "యాడ కోసేది?" అని అడిగింది.

సంఘంలో గగ్గోలు లేచింది. "బొట్టు పెట్టిన దాన్ని దేవుని గుడిలోకా!" అని వెనక వరసలోంచి ఒక ముసలామె లేచింది. నాన్న గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

"ఆ బలి ఒక్కసారే అయిపోయిందమ్మా. మా ప్రభువే బలైనాడు. ఇంక రక్తం అక్కర్లేదు."

"ఆయప్ప ఇచ్చినాడు, సరే. నేనియ్యొద్దా? బతికింది నా మనవరాలు కదా."

నాన్న మేక మెడలో దండ వైపు చూశాడు. "ఎవరు చెప్పినారు తెమ్మని?" అన్నాడు. నేను అమ్మ వెనక్కి జరిగాను. అవ్వ ఒక్కసారి నా వైపు చూసింది.

"ఎవురూ చెప్పలేదప్పా. నేనే అనుకుంటి."

అంతమంది ముందు తెలివితక్కువదానిలా నిలబడింది గాని నా పేరెత్తలేదు. చివరికి పాస్టరయ్యగారు వేదిక దిగి వచ్చారు. "కోడి తెస్తే పుచ్చుకుంటున్నాం గదా, మేకను వద్దంటే ఎట్లా? పసుపు కడిగితే పోతుంది. గేటు లోపల మాత్రం కొయ్యొద్దు" అని మేక తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, దాన్ని కసాయి అంగడికి పంపించారు.

మధ్యాహ్నం చర్చి ఆవరణలో బారుగా ఆకులు వేశారు. సంకటి, మేక కూర. కూర వడ్డించింది అవ్వే. ఆకుల ముందు కూర్చున్నవాళ్లు సంకటి గిల్లుతున్నారు, కూర మీద చెయ్యి వేయడం లేదు. అందరూ నాన్న వైపు చూస్తున్నారు. అవ్వ గరిటె పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. వీళ్లు లేచిపోతే ఆమె లెక్కలో మొక్కు తీరనట్టే, పిల్ల మీద గండం పోనట్టే. నాన్న కళ్లు మూసుకున్నాడు. సంకటి మీద ఆవిరి పోయింది. కళ్లు తెరిచి ముద్ద తుంచి, కూరలో అద్ది, నోట్లో పెట్టుకున్నాడు.

"ఉప్పు సరిపోయింది రత్నమ్మా. ఇంకొంచెం వెయ్యి."

బారంతా కదిలింది. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, గబగబా వడ్డించడం మొదలుపెట్టింది.

మరుసటి జాతరకు గిన్నె వచ్చింది, నాన్న మళ్లీ తిరిగి ఇచ్చాడు. ఆ విషయంలో ఆయన మారలేదు. అవ్వ మాత్రం ఈసారి నవ్వుతూ పట్టుకెళ్లింది.

వఠారం ఉన్న చోట ఇప్పుడు నాలుగంతస్తుల హాస్టల్ ఉంది. చర్చి ఆవరణ కార్ల పార్కింగ్ అయింది. కోతల పండుగ భోజనం క్యాటరింగ్ వాళ్లది. ప్లేట్లు పట్టుకుని నిలబడే తింటాం, ఎవరు తిన్నారో ఎవరు తినలేదో ఎవరూ చూడరు. కుప్పలో ఊపిరి ఉన్నదేదీ ఉండదు.

పోయిన నెల చందాపుర వెళ్లాను. అవ్వ అక్కడ ఆ మనవరాలి ఇంట్లోనే ఉంటోంది. ఇన్నేళ్లకు నోరు తెరిచి, ఆ రోజు తప్పు నాదేనని, సగమే చదివి చెప్పానని ఒప్పుకున్నాను.

"తప్పేముండాదప్పా?" అంది అవ్వ. "నువ్వు చెప్పకపోయింటే ఒక టెంకాయ కొట్టి వచ్చేసుంటా. టెంకాయ చిప్ప కోసం మీ నాయన నా ముందర ఆకేసుకుని కూచునుంటాడా?"