పెద్దాయన అడిగిన ట్రైల్ కెమెరా

అమెరికాలో, బెంటన్‌విల్‌లో ఉన్న నాలుగేళ్లలో ఎంతమందికి ఎన్ని వస్తువులు ఎంచి పెట్టానో నాకే గుర్తులేదు. రైస్ కుక్కరు, పిల్లల కారు సీటు, ఇండియా పట్టుకెళ్లే ల్యాప్‌టాప్, ఏది కొనాలన్నా మనవాళ్లంతా నాకే ఫోన్ చేసేవారు. రివ్యూలన్నీ ఓపిగ్గా చదువుతానని నాకు పేరు. ఓపికా, పాడా! కాంట్రాక్ట్ ఉద్యోగం, రెన్యూవల్ అవుతుందో లేదోనన్న బెంగ, తెల్లారకముందే ఇండియా టీంతో కాల్స్. కాదని చెప్పే ఓపిక కూడా లేక సరేననేదాన్ని, అంతే.

2012లో, ఆకులు రాలే రోజుల్లో, పక్కింటి అమెరికన్ పెద్దాయన కూడా అడిగాడు. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్న మనిషి. మేము వచ్చిన మొదటి చలికాలం మంచులో కూరుకుపోయిన నా కారుని తన ట్రక్కుకి గొలుసు కట్టి లాగాడు. ఆయన ఇంటి వెనక కొంచెం అడవి ఉంది. అందులో ఒక కొమ్ము వంకరగా ఉన్న మగజింకని మూడేళ్లుగా చూస్తున్నాడు, ఒక్కసారీ గురికి దొరకలేదు. డిసెంబర్‌లో ఇల్లు అమ్మేసి ఒహాయోలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. మోకాళ్లు అరిగిపోయాయి. మంచె ఎక్కి కూర్చోగలిగేది ఒక్క ఉదయం, మహా అయితే రెండు. అందుకే ఆ జింక ఏ దారిన, ఏ వేళకి వస్తుందో ముందే తెలియాలి. చెట్టుకి కట్టేస్తే ఎదుట కదిలిన ప్రాణినల్లా తనంతట తానే ఫోటో తీసే ట్రైల్ కెమెరా కావాలి.

"చౌకగా ఉండాలి, నమ్మకంగా ఉండాలి. నాకు ఈ వేట సీజన్ ఒక్కటే మిగిలింది," అన్నాడు.

మాంసం ముట్టని ఇంట్లో పుట్టాను. జింకని చంపడానికి నేను సాయపడటమేమిటని ఒకసారి అనిపించింది. ఆయన మూడు మెట్లు దిగడానికి పడ్డ అవస్థ చూశాక సరేననేశాను.

మూడు వారాలు చదివాను. ఐదు నక్షత్రాలు ఇచ్చినవాళ్లు డబ్బా విప్పిన రోజే ఇచ్చేశారు. ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్లలో సగం మంది బ్యాటరీలు తిరగేసి పెట్టినవాళ్లు. నిజం చెప్పేది మూడు నక్షత్రాలవాళ్లే. కొన్ని కెమెరాలు నిద్రలేచేసరికి జింక వెళ్లిపోయి తోక మాత్రం పడుతుంది. కొన్నింటికి చలి తగలగానే బ్యాటరీలు చచ్చిపోతాయి. చివరికి ఒకటి తెప్పించి మా వంటింటి గుమ్మం దగ్గర కట్టాను. ఆరు నెలలకని వచ్చిన మా అమ్మ కాఫీ గ్లాసుతో అటూ ఇటూ తిరిగినప్పుడల్లా ఫోటో పడింది. ఒక్కటీ తప్పలేదు. ఎన్నాళ్లకో నా మీద నాకే కాస్త గర్వం కలిగింది.

పెద్దాయన కెమెరా తీసుకోవడానికి వచ్చిన రోజు నేను కాల్‌లో ఉన్నాను. జింకల బొమ్మలు తీసుకోవడానికని అమ్మకి అబద్ధం చెప్పి ఉంచాను. కొత్త వస్తువు బొట్టు లేకుండా మా గడప దాటదు. కారైనా, కుక్కరైనా అంతే. అమ్మ పసుపు తడిపి, రూపాయి కాసంత ముద్ద అద్ది, దాని మీద కుంకుమ పెట్టింది.

"లెన్సు మీద పెట్టలేదులే, ఆ మాత్రం తెలీదటే నాకు? కింద ఖాళీగా ఉంది, అక్కడ పెట్టా. తీసుకెళ్లండి అన్నయ్యగారూ, శుభం," అంది.

ఆయనకి తెలుగు రాదు. అయినా టోపీ తీసి నిలబడ్డాడు. నేను చూశాను. ఆ ఖాళీ జాగాయే ఎదుటికొచ్చిన ప్రాణి ఒంటి వేడిని పసిగట్టి కెమెరాని నిద్రలేపే కన్ను. మూడు వారాలు చదివినదాన్ని, నాకు తెలుసు. ఆ క్షణంలో మాత్రం చెవిలో మేనేజర్, బుర్రలో మొద్దు నిద్ర. చెయ్యి ఊపి పంపేశాను.

వారం వారం అడిగేదాన్ని. "ఇంకా రాలేదు," అనేవాడు. "చెట్టు మార్చి చూడండి," అని సలహా కూడా ఇచ్చాను. మార్చాడు. నవంబర్‌లో గుడ్డిగా ఒక మంచె ఎంచుకుని, చలిలో రెండు ఉదయాలు కూర్చుని, ఉత్త చేతులతో దిగాడు. ఆ మర్నాడు కెమెరా పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"కెమెరా తప్పేం లేదు. కానీ దానికి పది అడుగుల దూరంలో దేవదారు బెరడంతా కొమ్ములతో గీకి ఉంది. రోజూ అక్కడికే వచ్చినట్టుంది," అన్నాడు.

మెమరీ కార్డు ల్యాప్‌టాప్‌లో పెట్టాను. ఎనిమిది ఫోటోలు. ఎనిమిదింటిలోనూ ఆయనే. కార్డు చూసుకోవడానికి దగ్గరికొచ్చి వంగిన ముఖం, చెట్టుకి చెయ్యి ఆనించి ఆయాసపడుతున్న ముఖం. కళ్లద్దాలు జారిపోయి, వారం వారానికీ ఇంకా అలిసిపోయి.

అప్పుడు కెమెరా చేతిలోకి తీసుకుని సరిగ్గా చూశాను. బొట్టు, అమ్మ పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. మీదకి ముట్టేంత దగ్గరగా వచ్చినవాడి వేడి తప్ప ఆ ముద్ద దాటి ఏదీ లోపలికి వెళ్లలేదు. ఇన్ని వానలు పడ్డాయి కదా, ఎందుకు కరగలేదు? పైన కాఫీ డబ్బా రేకుతో చేసిన చిన్న చూరు బిగించి ఉంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను. తప్పు అమ్మది కాదు, చూసి కూడా నోరు మెదపని నాదేనని చెప్పాను. ఆయన కెమెరా తీసుకుని ఆ రేకుని వేలితో తాకాడు.

"అది మీ అమ్మగారి ప్రార్థన అనుకున్నాను. తడవకూడదని రేకు కత్తిరించి పెట్టాను," అన్నాడు.

ఇంతలో అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఏమే, అన్నయ్యగారి కెమెరాలో జింక పడిందా?"

ఏమంటోందని ఆయన అడిగాడు. చెప్పాను.

"పడిందని చెప్పు," అన్నాడు.

పడిందమ్మా, అన్నాను. అమ్మ సంబరంగా చేతులు జోడించింది. ఆయన జేబురుమాలు తీసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. బొట్టు మాత్రం తుడవలేదు.