చలపతిరావుగారి ఇంటర్వెల్‌, సముద్ర రాక్షసి

చలపతిరావుగారు ఏ కబురూ పూర్తిగా చెప్పరు. సగం దాకా లాక్కొచ్చి, సరిగ్గా ఎదుటివాళ్ల ప్రాణం గొంతులోకొచ్చే చోట చెయ్యెత్తి, "ఇంటర్వెల్!" అంటారు.

ఆయన నిర్మాతలకు సినిమా కథలు వినిపించే మనిషి. సగం కథ చెప్పి, టిఫినొచ్చాక మిగతాది అందుకోవడం అలవాటైపోయి ఇంట్లోకీ పాకింది. ఫిల్మ్‌నగర్‌లో ఇళ్లకన్నా బండరాళ్లే ఎక్కువున్న రోజులవి. ఒకసారి భార్యతో, "లీలా, నీ వెనకాల పాము... ఇంటర్వెల్!" అన్నారు. లీలాకుమారిగారు గోడ దూకి పక్కింట్లో పడ్డారు. సెకండాఫ్‌లో తేలిందేమంటే, దాన్ని వాచ్‌మన్ జంగయ్య పొద్దున్నే చంపి పడేశాడట.

పక్కింటి సత్యలక్ష్మికి ఈ గోలేం పట్టేది కాదు. స్టూడియోలో లైట్లు చూసే భర్త పోయినప్పట్నుంచీ ఆమె పొయ్యి వెలిగించేది కాఫీకే. ఎవరైనా "తిన్నావా?" అంటే "ఆఁ" అనేది. ఆ "ఆఁ" సంగతి బోర్లించిన గిన్నెలకు తెలుసు.

ఆ వేసవిలో చలపతిరావుగారు లావుపాటి నవలొకటి పట్టుకొచ్చారు. అట్ట మీద ఓడను చుట్టేసిన సముద్ర రాక్షసి. సాయంత్రం వరండాలో కూర్చుని, పక్కింటి గుమ్మం వైపు తిరిగి మరీ చదవడం మొదలెట్టారు. రాక్షసి చెయ్యిగా మొక్కలకు నీళ్లు పట్టే రబ్బరు గొట్టం. అలలకు బకెట్టు నీళ్లు. ఓడగా జంగయ్య.

సత్యలక్ష్మి ముందు కిటికీ చాటున వింది. తర్వాత గుమ్మంలోకొచ్చింది. ఓ రోజు గొట్టం జంగయ్య నడుముకి చుట్టుకుంది.

"ఓడ విరిగింది! ఓడ నడిపే సరంగు కాలు దాని నోట్లో..."

"అయ్యయ్యో!" అంటూ సత్యలక్ష్మి గోడ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"ఇంటర్వెల్!"

"ఇదేం అన్యాయమండీ అన్నయ్యగారూ! కాలుందా, ఊడిందా?"

"మిరపకాయ బజ్జీ లేకుండా ఏ హాల్లో సెకండాఫ్ వేస్తారమ్మా? హాల్లో ఉన్నవాళ్లంతా తినాలి, వండినవాళ్లతో సహా. అది రూలు."

"ఆ పుస్తకమిటివ్వండి, నేనే చదువుకుంటా."

"నువ్వు చదివితే రాక్షసి కనపడుతుంది. నేను చదివితే తడుపుతుంది!" అంటూ బకెట్టు ఆమె మీద బోర్లించేశారు.

సత్యలక్ష్మి కొంగు పిండుకుంటూ, గొణుక్కుంటూ వెళ్లి శనగపిండి కలిపింది. సరంగు కాలు కోసం బజ్జీలు. కాలు దక్కింది గానీ మర్నాడు తల దాని నోట్లో పడింది, తల కోసం పునుగులు. అందరూ తన చేతి వంకే చూస్తుంటే ఆమెకు తినక తప్పేది కాదు. చలపతిరావుగారు మాత్రం తన వాటా కాగితంలో చుట్టుకుని, "ఇవి క్లైమాక్స్‌కి" అని లోపలికి పట్టుకెళ్లేవారు.

'ఏం తిండిపోతు మనిషమ్మా!' అనుకునేది సత్యలక్ష్మి. ఆ విసుగులో పొద్దుటి పూట కూడా వంటకి పొయ్యి వెలిగిస్తున్న సంగతి ఆమె గమనించలేదు.

ఓ ఉదయం జంగయ్య ఆమెను గేటు దగ్గర ఆపాడు. "అమ్మా, బజ్జీలల్ల జర కారం తగ్గించుండ్రి. గన్ని తినాలంటె నోరు మండుతున్నది."

"గన్ని ఎక్కడివయ్యా? నీకిచ్చేది నాలుగేగా?"

"సార్‌వి గూడ నాకే ఇస్తడమ్మా. సార్‌కు కడుపుల..." నాలిక కరుచుకున్నాడు. "ఇంటర్వెల్!"

"నువ్వు కూడానా! చెప్తావా, ఇవాళ్టి బజ్జీల్లో కారం రెట్టింపు చెయ్యనా?"

"పుండమ్మా, కడుపుల పుండు! నూనెది ముట్టొద్దన్నడు డాక్టరు. మజ్జిగన్నమే తింటడు. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు."

ఆ సాయంత్రం కథ చివరికొచ్చింది. "సరంగు బల్లెం ఎత్తాడు! రాక్షసి నోరు తెరిచింది! ఆ గొంతులో..."

సత్యలక్ష్మి ఆయన చేతిలోంచి పుస్తకం లాగేసుకుని చెయ్యెత్తింది.

"ఇంటర్వెల్!"

ఆయన ముందు పళ్లెం పెట్టింది. పొగలు కక్కే ఇడ్లీలు. నూనె చుక్క లేదు, కారం రవ్వ లేదు.

"హాల్లో ఉన్నవాళ్లంతా తినాలి అన్నయ్యగారూ. చదివేవాళ్లతో సహా. అది రూలు."

చలపతిరావుగారు జంగయ్య వైపు చూశారు. జంగయ్య ఆకాశం వైపు చూశాడు. లీలాకుమారిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

ఆయన బుద్ధిగా తిన్నారు. చివరి ఇడ్లీ దగ్గర పళ్లెం మెల్లగా పక్కకు జరిపారు.

సత్యలక్ష్మి అలల బకెట్టు అందుకుంది.