దొంగ వేసిన ఇండికేటర్

మా బామ్మర్దికి ఆ ఆట నేర్పింది నేనే. ఆన్‌లైన్‌లో ఒక ఊరు ఉంటుంది. అందులో ఒకడు పోలీసు, ఒకడు దొంగ, ఇంకొకడు డాక్టరు. ఎవరి వేషంలో వాళ్లు నిజంగా బతుకుతున్నట్టే ఉండాలి. నేను నంద్యాలలో మా ఇంట్లో కూర్చుని పోలీసు జీపు తోలేవాణ్ణి. వాడు ఆళ్లగడ్డలో కూర్చుని దొంగ కారు తోలేవాడు.

వెంటాడటానికి మా గ్రూపులో కట్టుబాట్లున్నాయి. దొంగ ప్రాణభయం ఉన్నవాడిలా నడపాలి. వంతెన మీద నుంచి కారు దూకించి, ఏమీ కానట్టు పోకూడదు. పోలీసు ఊరికే గుద్దకూడదు. వీటిలో సగం నేను పోట్లాడి పెట్టించినవే. అందుకే కొత్తవాళ్లకు ఛేజింగ్ నేర్పే పెద్దరికం నాదేనని ధీమాగా ఉన్నాను. తీరా చూస్తే మా బామ్మర్ది పేరూ వినబడింది. నాకు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న వచ్చినవాడు, నాకు పోటీనా?

ఇద్దరినీ ఒకే ఛేజింగ్‌లో చూసి తేలుస్తామన్నారు గ్రూపు నడిపే అడ్మిన్లు. ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. ఎన్నడూ నా ఆట వైపు చూడని మా ఆవిడ, ఆ రోజు కుర్చీ లాక్కుని నా వెనక కూర్చుంది.

"మా తమ్ముడు యాడుండాడు?" అంది.

నేను వంక పెట్టడానికి లేకుండా తోలాను. దూరం పాటించాను, ప్రతి మలుపూ వైర్‌లెస్‌లో చెప్పాను. వాడు తడబడుతూ, బజారులో మనుషులు అడ్డొస్తే వేగం తగ్గిస్తూ పారిపోతున్నాడు. నాలుగు రోడ్ల దగ్గర వాడి కారుకు ఎడమ ఇండికేటర్ వెలిగింది. పారిపోయే దొంగ ఎక్కడైనా ఇండికేటర్ వేస్తాడా? నన్ను ఏమార్చడానికే అనుకుని కుడివైపు తిప్పాను. వాడు ఎడమకే పోయాడు. చూసేవాళ్లంతా పడీపడీ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది.

"ఏందప్పా, పారిపోతా ఇండికేటర్ ఏసినావు?" అని అడ్మిన్ వాణ్ణి అడిగాడు.

"భయమేసిందన్నా. చెయ్యి దానంతటదే పోయింది. మా బావ నాకు కారు నేర్పిచ్చేటప్పుడు ఇండికేటర్ ఎయ్యకుంటే చేతి మీద కొడ్తాండె."

భయపడ్డ మనిషి అచ్చం ఇలాగే చేస్తాడని మెచ్చుకుని, పెద్దరికం వాడికే ఇచ్చారు. అందరి ముందూ నా సంగతి చెప్పాడు కదా అని నా కుళ్లు తగ్గలేదు, ఇంకా పెరిగింది. నేను కొట్టి నేర్పిన అలవాటే వాణ్ణి గెలిపించింది. ఆ ఇండికేటర్‌ను నమ్మనిది నేనొక్కణ్ణే.

మరుసటి వారం ఆళ్లగడ్డలో వాణ్ణి కారెక్కించుకుని ముగ్గురం యాగంటికి బయల్దేరాం. దారి పొడవునా అక్కాతమ్ముళ్లకు ఆ ఛేజింగ్ ముచ్చటే. నేను పళ్లు బిగించి తోలుతూ, బనగానపల్లె దగ్గర విసురుగా పక్కకు తిప్పాను. వెనక లారీవాడు గట్టిగా హారన్ కొట్టాడు.

పక్క సీట్లో ఉన్న మా బామ్మర్ది మెల్లగా, "బావా, ఇండికేటర్" అన్నాడు.

చేతి మీద మాత్రం కొట్టలేదు.