మోకాలి లోతు అనుమానం

మా వదినకి ఏ పనీ ఒక్కసారి చేస్తే చేసినట్టు ఉండదు. మూడుసార్లు చూసుకోవాలి. తాళం వేసి లాగుతుంది. నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ లాగుతుంది. వీధి మలుపు దాకా వెళ్ళి, "నేను తాళం వేశానంటావా బాబూ?" అని దారిన పోయేవాణ్ణి అడుగుతుంది. వాడు బిక్కమొహం వేస్తే మూడోసారి వచ్చి లాగుతుంది. ఆ లాగుడికి ఇప్పటిదాకా రెండు తాళాలు ఊడి చేతికొచ్చాయి. తాళాలు బాగుచేసేవాడు ఆవిడ కనపడితే చాలు, లేచి నిలబడతాడు.

వదిన అంటే మా ఆయనకి అక్కగారు. కుట్టు దుకాణం నడుపుతుంది. చిన్నపిల్ల గౌనుకి మూడుసార్లు కొలతలు తీసి, గుడ్డ మూడుసార్లు కొలిచి, కత్తెర పెట్టేసరికి ఆ పిల్ల ఎదిగిపోయేది. మళ్ళీ మొదటికొచ్చేది వ్యవహారం. "దాని పెళ్ళిలోపైనా ఇస్తారా అండీ?" అని తల్లులు మొత్తుకునేవారు. మొత్తుకుంటూనే మళ్ళీ ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఆవిడ వేసిన కుట్టు ఊడదు మరి!

"మా అక్క పుట్టగానే ఏడవలేదట. అసలు పుట్టానా లేదా అని చూసుకుంటూ కాసేపు ఉండిపోయిందట" అని మా ఆయన ఏడిపించేవారు.

ఆయన పోయాక నేను గడప దాటడం మానేశాను. కావలసినవి ఎవరో ఒకరు తెచ్చి ఇచ్చేవారు. కిటికీ తలుపు కూడా తీసేదాన్ని కాదు. అలాంటి రోజుల్లో వదిన వచ్చి, తన ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"నేనొక దీవికి పోతున్నాను. ఒక్కదాన్నే. కొబ్బరిచెట్లూ సముద్రమూ తప్ప ఏమీ ఉండవట. పది రోజులు కాళ్ళు బారజాపుకుని పడుకుంటాను."

"మీరా? పడుకుంటారా?"

"ఏం, నాకు పడుకోవడం రాదా?"

"వచ్చు గానీ వదినా, కళ్ళు మూశానా లేదా అని తెరిచి చూసుకుంటారేమోనని."

వదిన పకపకా నవ్వి వెళ్ళిపోయింది. ఇంత మాట ఎలా వచ్చిందా అని నేనే ఆశ్చర్యపోయాను.

మర్నాడు పొద్దున్నే ఫోను.

"అమ్మాయ్, గ్యాసు కట్టానంటావా?"

"కట్టే ఉంటారు."

"ఉంటే కుదరదే. ఒకసారి వెళ్ళి చూడు. రెండు వీధులేగా."

"మీ పక్కింటాయనకి చెప్పండి వదినా, నేను వెళ్ళలేను."

"ఆయనా? గ్యాసు బండ చూసి నీళ్ళ బిందె అనుకునే రకం. ఇల్లు పేలిపోతే పేలనీలే. నేను ఇక్కడే చేపలు పట్టుకుని బతుకుతాను."

ఇంకేం చేస్తాను? చెప్పులు వెతుక్కుని బయల్దేరాను. ఎండకి కళ్ళు చికిలిస్తూ వెళ్ళి చూద్దును గదా, గ్యాసు శుభ్రంగా కట్టే ఉంది.

ఆ మర్నాడు మేడ మీద కిటికీ. వేసే ఉంది. ఆ తర్వాత వరండాలో దీపం ఆర్పిందో లేదో. ఆర్పే ఉంది. ఆ పైన కుట్టు దుకాణంలో ఇస్త్రీపెట్టె. అది చల్లగా గోడవార కూర్చుని ఉంది. ఊరికే చూసి వచ్చేద్దామంటే అక్కడ పనిచేసే అమ్మాయిలు వదలలేదు. "కూర్చోండి పిన్నిగారూ, మీకు పని రాదా ఏమిటి?" అని నా ఒళ్ళో నాలుగు చొక్కాలు పడేశారు. గుండీలు కుట్టి వచ్చాను.

ఇంతలో ఒకనాడు తెలియని గొంతు పలికింది. దీవిలో వదిన దిగిన బసని నడిపే ఆవిడట. సరుకులకని పడవలో ఇవతలి ఒడ్డుకి వచ్చి ఫోను చేస్తోంది.

"మీరు కాస్త రోజూ ఆవిడ ఫోను తొందరగా తీయండమ్మా, పుణ్యముంటుంది. మా దీవిలో సిగ్నలు అందేది ఒక్కచోటే. సముద్రంలో రాయి ఉంది, దాని మీద. మోకాలి లోతు నీళ్ళలో నడిచి, ఆ రాయెక్కి నిలబడుతుంది మీ వదినగారు. అల వచ్చినప్పుడల్లా ఫోను నెత్తిమీద పెట్టుకుంటుంది."

"అయ్యో! ఇంటి గురించి అంత బెంగగా ఉందా?"

"ఇంటి గురించా? ఆ ఊసే ఎత్తదు. అన్నీ మూడుసార్లు చూసే వచ్చాను అంటుంది. 'మా అమ్మాయి ఇవాళ బయటికొచ్చిందండీ' అని చెప్పి, రెండు పళ్ళేలు తిని పడుకుంటుంది."

ఫోను పెట్టేశాను. ఈసారి అడిగితే ఏదో ఒకటి తెరిచే ఉందని చెబుదాం, ఆవిడ అనుమానం ఒక్కసారైనా గెలవాలి అనుకున్నాను.

"అమ్మాయ్, వంటింట్లో కుళాయి కట్టానంటావా?"

"లేదు వదినా! ధారగా పోతోంది. ఇందాకే నేనే వెళ్ళి కట్టాను."

"అబద్ధం! వీధిలో పెద్ద వాల్వే బిగించి వచ్చాను, మూడుసార్లు చూశాను! నీళ్ళెక్కణ్ణించి..." అని ఆగిపోయింది.

అవతల అల చప్పుడు. ఇవతల నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ముందు ఎవరు నవ్వారో తెలియదు.

"దొంగా!" అంది వదిన.

"మీరేం తక్కువా? రాయి దిగండి, జలుబు చేస్తుంది. రేపేం చూడాలో అది చెప్పండి."

"ఏమీ లేదే. అన్నీ సరిగ్గానే ఉన్నాయని నా అనుమానం."

అక్కడితో అయిపోలేదు. మర్నాడు నాకు పొద్దున్నుంచీ ఎన్ని ఫోన్లు వచ్చాయో తెలియదు. ఒక్కటీ తీయలేదు. సాయంత్రం వదిన తడిసిన బట్టలతో, ఇసక కాళ్ళతో దుకాణంలోకి ఊడిపడింది.

"ఫోనెందుకు తీయలేదే? నా ప్రాణాలు పోయాయి! మీ ఇంటికెళ్తే తాళం!"

"మిషన్ల చప్పుడులో వినపడలేదు వదినా" అన్నాను, కుడుతున్న గౌను మీంచి తలెత్తి.

వదిన నన్ను చూసింది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ చూసింది. వీధి మలుపు దాకా వెళ్ళి మూడోసారి వచ్చి చూసింది. అప్పటికి నమ్మకం కుదిరినట్టుంది. మిగిలిన సెలవు పడుకోవడానికి మళ్ళీ పడవెక్కేసింది.